సాఫ్ట్‌వేర్ ‘సి’లో, లెక్కలు ‘డి’లో ఉండాలి

సంపాదకుల వారికి,

నెల్లూరు రైసు మిల్లుల ఆఫీసుల్లో, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో, చిన్నచిన్న దుకాణాల కంప్యూటర్లలో కూడా ఒక నమ్మకం పాతుకుపోయింది. సాఫ్ట్‌వేర్‌ను విండోస్ ఉండే ‘సి’లో కాకుండా ‘డి’ డ్రైవ్‌లో వేసుకుంటే, విండోస్ ఫార్మాట్ కొట్టినా అది పోదని. ఇది తప్పు. దీనివల్ల లెక్కలు పోతున్నాయి కాబట్టే ఈ లేఖ రాస్తున్నాం.

ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒక్క ఫోల్డర్‌తో సరిపెట్టుకోదు. తన వివరాలు విండోస్ చిట్టా లాంటి రిజిస్ట్రీలో రాసుకుంటుంది, సెట్టింగులు యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన కొన్ని డీఎల్ఎల్ ఫైళ్లు విండోస్ ఫోల్డర్‌లో చేరతాయి. ఇవన్నీ ‘సి’లోనే. ‘సి’ని తుడిచాక ‘డి’లో మిగిలిన ఫోల్డర్ చాలా ప్రోగ్రాముల విషయంలో ఎందుకూ కొరగాదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ప్రోగ్రాములు మామూలుగా చేరే ‘సి’లోని ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డర్‌ను కట్ చేసి ‘డి’లో పేస్ట్ చేసినా ఇదే గతి.

‘సి’లోని ప్రోగ్రామ్ ఫైల్స్‌కు ఇంకో రక్షణ ఉంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకుండా అక్కడి ఫైళ్లను ఎవరూ మార్చలేరు. ‘డి’లో మామూలుగా తెరిచిన ఫోల్డర్‌కు ఆ కాపలా ఉండదు. మామూలు లాగిన్‌లో నడిచే వైరస్ కూడా అందులోని ప్రోగ్రామ్‌ను మార్చేయగలదు.

అసలు ‘డి’లో ఉండాల్సినవి లెక్కలు. జరుగుతున్నది తలకిందులు. లెక్కలు రాసుకునే టాలీప్రైమ్ సాఫ్ట్‌వేర్‌ను నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుతూ వేస్తే కంపెనీ డేటా ‘సి’ డ్రైవ్‌లో యూజర్స్, అందులో పబ్లిక్, అందులో టాలీప్రైమ్, అందులో డేటా అనే ఫోల్డర్‌కు చేరుతుంది. డెస్క్‌టాప్ మీది ఎక్సెల్ షీట్లూ ‘సి’లోనివే. ‘డి’ని మాత్రం కాపాడి ‘సి’ని ఫార్మాట్ చేస్తే ఏడాది లెక్కలు ఒక్క దెబ్బతో పోతాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డేటా పాత్‌ను, అంటే డేటా చేరే చోటును, ‘డి’లోని ఒక ఫోల్డర్‌కు మార్చుకోవాలి. ఇప్పటికే వాడుతున్నవారు టాలీని మూసి, అంకెల పేర్లతో ఉన్న కంపెనీ ఫోల్డర్లను ‘డి’కి కాపీ చేసుకుని, కంపెనీని ఎంచుకునే చోట స్పెసిఫై పాత్‌లో కొత్త దారి చూపించాలి. కొన్నాళ్లు సరిగ్గా నడిచిందని చూశాకే పాతవి తీసేయాలి. లేకపోతే ఒక గుమాస్తా పాత డేటాలో, ఇంకొకరు కొత్త డేటాలో బిల్లులు ఎక్కిస్తారు.

డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను కూడా తరలించవచ్చు. ఫోల్డర్‌పై రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. ముందుగా ‘డి’లో ఒక ఫోల్డర్ తెరిచి దాన్నే చూపించండి. నేరుగా ‘డి’ డ్రైవ్‌నే ఎంచుకుంటే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయిపోతుంది, వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి.

‘సి’ నిండిపోతుందన్న భయంతోనే చాలామంది ‘డి’ వైపు పోతారు. ఆ ఇబ్బంది డిస్కును ‘సి’, ‘డి’ అని పార్టిషన్ చేసిన రోజునే మొదలవుతుంది. ‘సి’కి 50 జీబీ ఇచ్చి మిగతాదంతా ‘డి’కి ఇస్తే అప్‌డేట్లకే చోటు చాలదు. విండోస్ 11కే కనీసం 64 జీబీ స్టోరేజ్ కావాలి. 256 జీబీ ఎస్ఎస్‌డీలో (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్కు) ‘సి’కి 150 జీబీ ఇవ్వాలని మా సలహా. తర్వాత పెంచుకుందాంలే అనుకోవద్దు. ‘డి’ని కుదిస్తే ఖాళీ దాని చివరన వస్తుంది, ‘సి’ పక్కన రాదు. అందుకే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘సి’ని పెంచే ఎక్స్‌టెండ్ అనేది పనిచేయదు.

ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ ఉంటే విండోస్‌నూ సాఫ్ట్‌వేర్‌నూ ఎస్ఎస్‌డీలోనే పెట్టండి. వేగం తేడా అక్కడే తెలుస్తుంది. ఒకే డిస్కులో రెండు భాగాలుంటే మాత్రం డిస్కు పోయిన రోజు ‘సి’, ‘డి’ రెండూ పోతాయి. కాబట్టి లెక్కల కాపీ ఒకటి వేరే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉండాలి, పని అయ్యాక దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టాలి.

రిపేరు చేసే సోదరులకు మా విన్నపం. ఫార్మాట్‌కు ముందు ‘డి’లో ఏముందని కాదు, టాలీ డేటా పాత్ ఎక్కడుందని అడగండి. దాన్ని తెరిచి చూసి, కాపీ తీశాకే పని మొదలుపెట్టండి.

– కంప్యూటర్ సర్వీసింగ్ పనివారు, ఒంగోలు