పొడి డబ్బా బీపీ మాత్ర కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే ఈమధ్య రాజకీయాల కన్నా ప్రోటీన్ పౌడర్ల గోలే ఎక్కువైపోయింది. "హైడ్రోలైజేట్ అంట, గుండెకి మంచిదంట, ఒంట్లో వాపంతా తగ్గిద్దంట" అని ఒకాయన మొదలెడితే చాలు, పక్కన నలుగురు డబ్బా ఫోటో తీసేసుకుంటారు. మా బావగారు కూడా అట్టాగే రెండు వేల పైచిలుకు పోసి ఓ మందుల షాపులో కొన్నారు. కొంటే కొన్నారు, బీపీ కూడా తగ్గిద్దని కౌంటర్లో కుర్రాడు అన్నాడని రోజూ వేసుకునే మాత్ర ఆపేశారు! అక్క పక్క దులుపుతుంటే దిండు కింద స్ట్రిప్పు నిండుగా దొరికింది. చూపిస్తే 170/100.

ఆ పొడేంటంటే, సోయానో బఠాణీనో తీసుకుని దాన్లో ప్రోటీన్‌ని ఎంజైములతో చిన్న ముక్కలు చేస్తారు, మన పొట్ట చేసే పనే ఫ్యాక్టరీలో ముందే కొంత చేసేస్తారన్నమాట. ఆ ముక్కలు, అంటే పెప్టైడ్లు, కొన్ని ఒంట్లో బీపీ పెంచే ఏసీఈ అనే ఎంజైముని అడ్డుకుంటాయి, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలు అడ్డుకునేదీ దాన్నే, కాబట్టి మొత్తం గాలి కబురని అనను. ఇన్‌ఫ్లమేషన్, అంటే ఆ ఒంట్లో వాపు, తగ్గడం కూడా ల్యాబుల్లో చూశారు. కానీ చాలావరకు కణాల మీదా ఎలుకల మీదా చేసినవే, మనుషుల మీద చేసినవి తక్కువ. తిన్న పెప్టైడు పేగుల్లో మళ్ళీ ముక్కలైపోతే ఇంకేం మిగిలిద్ది? సోయా ప్రోటీన్ గుండెకి మేలని లేబుల్ మీద రాసుకోవచ్చని 1999లో ఒప్పుకున్న అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే 2017లో ఆధారాలు నిలకడగా లేవని దాన్ని రద్దు చేద్దామంది. మరి మన కుర్రాడికి అంత ధీమా ఎక్కడిదో!

మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు ప్రకారం డబ్బా మీద 'మందుగా వాడటానికి కాదు' అని ఉండాలి. ఉంది కూడా, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, బ్యాచ్ నంబరు పక్కన. ఆ ముక్క తెలుగులో ముందువైపు పెద్దగా వేయించాలి, ఫుడ్ సేఫ్టీ వాళ్ళు హోటళ్ళే కాదు ఈ కౌంటర్ల దగ్గర ఏం చెప్పి అమ్ముతున్నారో కూడా వచ్చి వినాలి. మీ పేపర్లో కూడా వార్తలాగా కనపడే యాడ్ వేస్తే పైన 'ప్రకటన' అని కనపడేట్టు వేయండి సార్.

ప్రోటీనే కావాలంటే 100 గ్రాముల పెసల్లో 22 గ్రాముల పైనే ఉంది, పెసరట్టు మనకి కొత్తా? ఇంతా చేసి బావగారు ఆవకాయ మాత్రం ఒక్కపూట మానలేదు. ఇప్పుడు మాత్ర మళ్ళీ వేసుకుంటున్నారు లెండి, డబ్బులు పోసి కొన్నాం గదా అని ఆ పొడిని అక్క రోజుకో చెంచా దోసెల పిండిలో కలుపుతోంది.

ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు