పిల్లలతో 'నేనే టాపర్' అనిపించకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి 'నేనే గెలుస్తాను' అని పదిసార్లు అనుకుంటే పిల్లలకు కాన్ఫిడెన్స్ వస్తుందని మొన్న ఆదివారం మీ పేపర్‌లో రాశారు. చదివి ఊరుకోలేక రాస్తున్నాను, ఎందుకంటే అలాంటి మాటే మా పాపను నెలల తరబడి కుంగదీసింది.

పాప హన్మకొండలో ఒక కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతోంది. అక్కడ రోజూ పొద్దున స్టడీ అవర్‌కు ముందు అందరినీ నిలబెట్టి 'నేనే టాపర్' అని గట్టిగా అనిపిస్తారు. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం బతుకమ్మ పేరుస్తుంటే తంగేడు పూలు తుంచుకుంటూ మెల్లగా చెప్పింది. "అమ్మా, వీకెండ్ టెస్ట్‌ల 300కు 74 వచ్చినయ్. తెల్లారి మళ్ల నేనే టాపర్ అనాలె. అన్నప్పుడల్లా లోపల ఎవరో అబద్ధం, అబద్ధం అన్నట్టే ఉంటది." టెస్ట్ ముందు రోజు రాత్రి వాంతులు అవుతున్నాయని కూడా అప్పుడే తెలిసింది నాకు.

ఇది మా పాప ఒక్కదాని సమస్య అనుకున్నా. తర్వాత వెతికి చదివితే, కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో జోఆన్ వుడ్ అనే ప్రొఫెసర్, ఆమెతో పనిచేసినవాళ్లు 2009లోనే దీనిమీద పరిశోధన చేసి రాశారు. తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లతో 'నన్ను అందరూ ఇష్టపడతారు' లాంటి మాట పదేపదే అనిపిస్తే వాళ్ల మనసు ఇంకా దిగజారిందట, ముందే నమ్మకం ఉన్నవాళ్లకేమో కొంచెం మేలు జరిగిందట. అంటే ఆ మాట ఎవరికి అవసరమో వాళ్లకే గుచ్చుకుంటోంది! మనసు నమ్మని మాటను ఎంత గట్టిగా అరిస్తే లోపలి నుంచి అంత గట్టిగా ఎదురు జవాబు వస్తుంది.

అట్లని తనతో తను మాట్లాడుకోవడమే తప్పని నేననను. మేము మాట మార్చాం, అంతే. 'నేను' అని కాకుండా, పక్కన కూర్చున్న ఫ్రెండ్‌కు చెప్పినట్టు తన పేరు తనే పిలుచుకుని 'నిన్న ఆరు లెక్కలు చేసినవ్, మైనస్ గుర్తు దగ్గర తప్పినవ్, ఇయ్యాల ఆ గుర్తు ఒక్కటి చూసుకో' అని చెప్పుకోమన్నాను. ఇట్లా పేరుతో పిలుచుకుంటే స్టేజీ మీద మాట్లాడే ముందు టెన్షన్ తగ్గుతుందని, బాగా మాట్లాడగలుగుతారని 2014లో మిచిగన్ యూనివర్సిటీలో ఈథన్ క్రాస్ బృందం కూడా చూపించింది. మార్కులు ఒక్కసారిగా పెరిగాయని చెప్పను, 74 నుంచి 118కి రావడానికి సంక్రాంతి దాకా పట్టింది. వాంతులు మాత్రం ఆగిపోయాయి, నాకదే పెద్ద విషయం.

ఇంకో మాట, ఇది తల్లిదండ్రులకు, నాతో సహా. పిల్లల లోపల 'నీతోని కాదు' అనే గొంతు ఎక్కడినుంచి వచ్చింది? మనమే పెట్టాం. కీడు మాట నోట వస్తే తథాస్తు దేవతలు వింటారని మన పెద్దలు నోరు మూయించేవాళ్లు, మనమేమో మార్కుల కాగితం చూడగానే నోటికొచ్చింది అనేస్తాం. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి ఉంది కదా, మేధోపరమైన వైకల్యంతో పుట్టిన ఆ పిల్లను ఊళ్లో ఎన్ని మాటలన్నారో, అనాథాశ్రమంలో వదిలేయమని కూడా అన్నారని పేపర్లలోనే వచ్చింది. తల్లిదండ్రులు ఆ మాట పట్టించుకోలేదు. ఆ అమ్మాయే 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇంట్లోవాళ్లు కూడా ఊరి మాటే అని ఉంటే ఆ పిల్ల ట్రాక్ దాకా వచ్చేదా?

ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. దయచేసి కాలేజీలవాళ్లు పొద్దున్నే ఆ నినాదం ఆపి, నిన్న ఏం వచ్చింది, ఇయ్యాల ఏ ఒక్కటి సరిచేసుకోవాలి అని ప్రతి పిల్లా తనకు తాను చెప్పుకునేలా ఐదు నిమిషాలు ఇవ్వాలి. మీరు కూడా వచ్చే ఆదివారం పేజీలో దీని గురించి రాయించండి, పక్కనే మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ నంబర్ 14416 పెద్ద అక్షరాల్లో వేయండి. అది ప్రభుత్వానిది, ఫ్రీ, రాత్రి పూట కూడా తెలుగులో మాట్లాడతారు. నిద్ర పట్టక, అన్నం సహించక ఇబ్బంది పడే పిల్లలకు అద్దం కన్నా ఆ ఫోన్ అవసరం.

ఇట్లు,
ఒక ఇంటర్ విద్యార్థిని తల్లి, పరకాల