మా అమ్మ చేత నంబర్, ర్యాంక్, పేరు చెప్పించిన వాళ్లకు

నమస్కారం అండి. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో కొబ్బరితోటల మధ్య ఉన్న చిన్న ఊరు. మా నాన్న ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. 2024 నవంబర్‌లో ఆయన పోయారు. అప్పటినుంచి మా మండలం మాజీ సైనికుల సంఘం వాళ్లు మా ఇంటికి చేసింది పదిమందికీ తెలియాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు. అందుకే ఇంట్లో మేం పిలిచే వరసలతోనే చెప్తాను. సుబేదార్ పెదనాన్న, నాయక్ బాబాయి, సిగ్నల్స్ మావయ్య.

నాన్న 1990లో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరారు. మద్రాస్ సాపర్స్ అంటారు, తంబీలు అని కూడా పిలుస్తారు. ట్రైనింగ్ బెంగళూరులో, అల్సూరు చెరువు దగ్గర. 24 ఏళ్లు ఎక్కడెక్కడో వంతెనలు కట్టి, రోడ్లు వేసి 2014లో ఇంటికొచ్చారు. నాలుగేళ్లకే, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లారేసరికి మా తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు నాన్న సొంత తోట వైపు చూడకుండా, సంఘం వాళ్లతో కలిసి రంపం, గొడ్డలి పట్టుకుని రోడ్డు మీద పడిన చెట్లు కొట్టడానికి వెళ్లిపోయారు. అమ్మ చాలా బాధపడింది. మూడు రోజుల తర్వాత గాని మా తోటలోకి అడుగు పెట్టలేదు ఆయన.

తర్వాత కిడ్నీ జబ్బు. మా ఉద్దానం ప్రాంతంలో ఈ మాట వినపడని వీధి లేదు, ఎందుకొస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. డయాలసిస్ మొదలయ్యాక నాయక్ బాబాయి తన కారులో నాన్నను తీసుకెళ్లేవారు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఉంది కాబట్టి పాలీక్లినిక్‌లో రిఫరల్ రాయించుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రిఫరల్ గడువు ఎప్పుడు అయిపోతుందో మాకంటే ఆయనకే బాగా గుర్తు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే నాన్న వైపు చూసి, "ఈయన నా సీనియర్ అమ్మా" అనేవారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

నాన్న పోయిన రోజు ఎనిమిది మంది వచ్చారు. అందరూ మెడల్స్ పెట్టుకుని, వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. మూడో రోజు సుబేదార్ పెదనాన్న మళ్లీ వచ్చి డిశ్చార్జి బుక్కు, పీపీఓ అనే పింఛను మంజూరు పత్రం, అమ్మ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు చూపించమన్నారు. నిజం చెప్తున్నాను, నాకు ఆ క్షణం చాలా కోపం వచ్చింది. ఇంట్లో దీపం ఆరకుండానే కాగితాల గోల ఏమిటి అనిపించింది. ఆయన నా మొహం చూసి నెమ్మదిగా చెప్పారు. పింఛనుదారు పోయిన సంగతి స్పర్శ్‌లో, అంటే రక్షణ శాఖ పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థలో, వెంటనే తెలియజేయాలి, లేకపోతే నాన్న పేరున పింఛను పడుతూనే ఉంటుంది, ఆ డబ్బు తర్వాత తిరిగి కట్టించుకుంటారు, చేతిలో ఏమీ లేనప్పుడు ఆ భారం పడితే తట్టుకోలేరు అని. ఇంకో ఊళ్లో ఒక కుటుంబానికి అలాగే జరిగిందట. ఆయన రావాల్సిన సమయానికే వచ్చారు. ఆ రోజు నేను సరిగా మాట్లాడనందుకు ఇక్కడ క్షమాపణ కూడా చెప్పుకుంటున్నాను పెదనాన్నా.

కాగితాలు చూడగానే ఆయన ఆగిపోయారు. నాన్న సర్వీసు రికార్డులో అమ్మ పేరు చివర "మ్మ" లేదు. ఆధార్‌లో ఉంది. పుట్టిన తేదీ కూడా రెండిట్లో రెండు రకాలు. అమ్మది అయిదో తరగతి చదువు, పెళ్లయినప్పుడు ఎవరో అంచనాగా వేసిన తేదీ రికార్డుకెక్కింది. పేరు, తేదీ కలవకపోతే కుటుంబ పింఛను కదలదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సంఘంలో ఒక పెద్ద రిజిస్టరు ఉంది. మండలంలో ఫౌజీ ఇళ్లన్నీ అందులో ఉంటాయి. భార్య పేరు రికార్డులో ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది, పిల్లల పేర్లు ఎక్కాయా లేదా, అన్నీ గళ్లు గీసి రాస్తారు. ఆ రిజిస్టరులో సగం పేజీలు మా నాన్న చేతిరాతే. ఆదివారాలు తిరిగి ఎన్నో ఇళ్లలో కాగితాలు సరిచూసి సరిచేయించారు. మా ఇంటి వరస మాత్రం ఖాళీగా ఉంది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుని ఉంటారు. ఆ ఖాళీ గడి చూసినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఇది చదువుతున్న మాజీ సైనికులు ఎవరైనా ఉంటే ఈ రోజే మీ ఇంట్లో పీపీఓ, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు ఉండగా చేయించుకుంటే చాలా తేలిక.

లేకపోతే ఏమవుతుందో మేం చూశాం. అఫిడవిట్ రాయించాలి. రెండు పత్రికల్లో, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు, ప్రకటన వేయించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా అన్నీ బెంగళూరులోని ఆర్మీ రికార్డ్స్ ఆఫీసుకు వెళ్లాలి. అక్కడ సరిదిద్దాక ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ ఆఫీసు కొత్త పీపీఓ ఇస్తుంది. ఈలోగా ఒకాయన వచ్చి పదిహేను వేలిస్తే నెలలో తెప్పిస్తానన్నాడు. నేను దాదాపు ఒప్పుకున్నాను, అంత టెన్షన్‌లో ఉన్నాం. సిగ్నల్స్ మావయ్యకు తెలిసి ఆ రాత్రే వచ్చారు. "ఎవరికీ పైసా ఇయ్యొద్దమ్మా. ఆలస్యమవుతాది గాని, ఆగదు" అన్నారు. మావయ్య చెప్పినట్టే అయింది. సైనిక సంక్షేమ కార్యాలయంలో మేం ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయం.

శ్రీకాకుళం ఆఫీసుకు వెళ్లాల్సిన రోజు నేను ఫైలు తీసుకుని బయల్దేరాను. సుబేదార్ పెదనాన్న వద్దన్నారు. "నువ్వు కాదు, మీ అమ్మ రావాల" అన్నారు. అమ్మ అప్పటికి గడప దాటడం లేదు. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లిన మనిషీ కాదు. నేను వాదించాను. ఆయన వినలేదు. "రేపు నీకు పెళ్లవుతాది, నీ చెల్లి హాస్టల్లో ఉంటాది. పింఛను మీ అమ్మది. మాటాడాల్సింది కూడా ఆవిడే" అన్నారు. చివరికి ముగ్గురం సోంపేట స్టేషన్‌లో రైలెక్కాం.

రైల్లో ఆయన అమ్మకు నేర్పించడం మొదలుపెట్టారు. ఫౌజీ ఎక్కడికెళ్లినా ముందు నంబర్, తర్వాత ర్యాంక్, తర్వాత పేరు చెప్తాడు, నువ్వూ అలాగే చెప్పాల తల్లీ అన్నారు. నాన్న సర్వీసు నంబర్ ఒక చీటీ మీద రాసిచ్చారు. అమ్మ పలాస దాటేసరికి నంబర్ చూడకుండా చెప్పింది. ర్యాంక్ చెప్పింది. పేరు దగ్గర ఆగిపోయింది. మా అమ్మ పెళ్లయిన 28 ఏళ్లలో ఒక్కసారి కూడా నాన్న పేరు పెట్టి పలకలేదు. "ఆయన", "పాప నాన్న", అంతే. చిన్నప్పుడు మేం అడిగినా నవ్వి ఊరుకునేది. పెదనాన్న తొందరపెట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఆమదాలవలసలో దిగి, ఊళ్లోకి ఆటోలో వెళ్లాం. ఆఫీసు దగ్గర ఆయన బయట బల్ల మీద కూర్చుండిపోయారు, నన్నూ కూర్చోమన్నారు. అమ్మ ఒక్కతే ఫైలు గుండెకు అదుముకుని లోపలికి వెళ్లింది. తలుపు తీసే ఉంది. అక్కడున్న ఉద్యోగి మర్యాదగానే అడిగారు, ఎవరి తాలూకు అమ్మా అని. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అమ్మ గొంతు వినిపించింది. నంబర్ మొత్తం, ఒక్క అంకె తప్పకుండా. హవల్దార్. ఆ తర్వాత మా నాన్న పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

నేను పెదనాన్న వైపు చూశాను. ఆయన బల్ల మీద నిటారుగా కూర్చుని ఉన్నారు, కళ్ల నిండా నీళ్లు.

ఆ తర్వాత అమ్మ అదే ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్లింది. రెండుసార్లు పెదనాన్న తోడు, ఒకసారి నేను, చివరిసారి తనే. బ్యాంకుకూ తనే వెళ్లింది. నోటరీ దగ్గర ఒకచోట సంతకం తేడాగా ఉందని మళ్లీ పెట్టమంటే, ఏమాత్రం కంగారు పడకుండా పెట్టింది.

పింఛను రాని ఆ ఎనిమిది నెలల్లో సంఘం వాళ్లు ప్రతినెలా తలా కొంత వేసుకుని ఇంటికి పంపేవారు. అమ్మ మొదటిసారి తీసుకోలేదు. అప్పుడు పెదనాన్న, "ఇది దానం కాదు, చేబదులు. పింఛను వచ్చాక ఇచ్చేద్దువు" అని రిజిస్టరులో రాసి అమ్మతో సంతకం పెట్టించారు. 2025 జులైలో పింఛను మొదలైంది, నాన్న పోయిన మరుసటి రోజు నుంచి లెక్కగట్టి బకాయి మొత్తం ఒకేసారి పడింది. అమ్మ మర్నాడే వెళ్లి చేబదులు తీర్చేసింది. ఆ డబ్బుతోనే ఇప్పుడు ఇంకో ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

పింఛను పడ్డాక కూడా వాళ్లు వదల్లేదు. ఏడేళ్లపాటు పెంచిన రేటు, అంటే నాన్న చివరి జీతంలో 50 శాతం వస్తుంది, ఆ తర్వాత 30 శాతానికి తగ్గుతుంది, ఇప్పటినుంచే ఆ లెక్కతో ఖర్చుపెట్టుకోండి అని కూర్చోబెట్టి చెప్పారు. మాకు ఆ సంగతే తెలియదు. అమ్మ పేరున కొత్త ఈసీహెచ్ఎస్ కార్డుకు దరఖాస్తు పెట్టించారు. మా చెల్లి బీఎస్సీ నర్సింగ్‌లో చేరితే, మాజీ సైనికుల పిల్లలకిచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు మొదటి సంవత్సరంలోనే అప్లై చేయాలని సిగ్నల్స్ మావయ్య గుర్తుచేశారు. ఆడపిల్లలకు నెలకు 3,000 రూపాయలు వస్తుంది. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, చెల్లికి ఉంది.

జీవన్ ప్రమాణ్, అంటే పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా ఆన్‌లైన్‌లో ఇచ్చే ధ్రువపత్రం, అది కూడా మావయ్యే నేర్పారు. అమ్మవి కొబ్బరి వలిచిన చేతులు, వేలిముద్ర మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా పడలేదు. ఫోన్‌లో మొహం చూపించి చేసే పద్ధతి ఉందని చెప్పి, చెల్లి చేత దానికి కావలసిన రెండు యాప్‌లూ వేయించారు. ఒక చిన్న మాట, చాలామంది తప్పు చేసేది ఇక్కడేనట. స్పర్శ్‌లోకి మారిన వాళ్లు యాప్‌లో పింఛను ఇచ్చే సంస్థ అన్న చోట బ్యాంకు పేరు పెట్టకూడదు, స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్ అని ఎంచుకోవాలి. ఊరి పేరు మారినా అందులో పాత పేరే ఉంటుంది, కంగారు పడొద్దు.

ఈ సంఘానికి పెద్ద భవనం లేదు. రెండు గదులు, ఒక బీరువా, ఆ రిజిస్టర్లు. పొద్దున్నే ఊళ్లో కుర్రాళ్ల చేత 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీసు చేయించేదీ వీళ్లే, డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి విరాళాల డబ్బాలు పట్టుకుని తిరిగేదీ వీళ్లే. పింఛను రాకుండా ముందే సర్వీసు వదిలేసి వచ్చిన ముసలివాళ్లు మా చుట్టుపక్కల కొందరున్నారు. హవల్దారు, అంతకు కింది ర్యాంకుల్లో చేసి 65 దాటినవాళ్లకు, అలాంటివాళ్లు పోతే 65 దాటిన వాళ్ల భార్యలకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయం 2025 నవంబర్ 1 నుంచి వచ్చే దరఖాస్తులకు నెలకు 4,000 నుంచి 8,000 అయింది. ఆ వార్త వచ్చిన వారంలోనే వీళ్లు ఆ ఇళ్లన్నీ తిరిగారు. మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఎవరైనా ఉంటే సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లండి.

సుబేదార్ పెదనాన్నకు, నాయక్ బాబాయికి, సిగ్నల్స్ మావయ్యకు, ప్రతినెలా తలా కొంత వేసుకున్న ప్రతి ఒక్కరికీ, వాళ్లను ఆదివారాలు మా కోసం వదిలిపెట్టిన వాళ్ల ఇంటి ఆడవాళ్లకు, శ్రీకాకుళం ఆఫీసులో మా అమ్మ మాట పూర్తయ్యేదాకా ఓపికగా ఎదురుచూసిన ఆ ఉద్యోగికి, మా ముగ్గురి తరఫున చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

రిజిస్టరులో మా ఇంటి వరస ఇప్పుడు నిండింది. అమ్మే రాసింది, తన చేత్తో. ఇప్పుడు ఆదివారం వంట తొందరగా ముగించి సంఘం ఆఫీసుకు వెళ్తోంది. మొన్న నేనూ వెళ్లాను. పక్క ఊరి నుంచి కొత్తగా భర్త పోయిన ఒక పిల్ల వచ్చింది, నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. చంకలో బాబు, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఏం అడిగినా తల దించుకునే ఉంది. అమ్మ ఆ కవరు తీసుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, మంచినీళ్లిచ్చి అడిగింది.

"ఏటవ్వదు తల్లీ. ముందు నంబర్ చెప్పు."