మైకు పెట్టిన ఆ అన్నగారికి, వేణుమాధవ్ గారి అభిమానులందరి తరఫున

నిన్న, 2018 జూన్ 24 ఆదివారం, విజయవాడలో మేము పెట్టుకున్న మిమిక్రీ కళాకారుడు నేరెళ్ళ వేణుమాధవ్ గారి సంస్మరణ సభ నిండుగా జరిగింది. ఒళ్ళు హూనమైపోయింది, గొంతు పెగలడం లేదు, రాత్రంతా కంటిమీద కునుకు లేదు. అయినా ఇది ఇప్పుడే రాయాలి. రెండు రోజులు ఆగితే మర్యాద మాటలే మిగులుతాయి.

ఈ నెల 19న వరంగల్‌లో ఆయన కన్నుమూశారని తెలిసిన దగ్గర నుంచి మాలో ఎవరికీ కాలు నిలవలేదు. వెళ్ళగలిగినవారు కడసారి చూపుకు వెళ్ళారు. వెళ్ళలేనివాళ్ళం ఫోన్లు చేసుకున్నాం. ఫోనులో మాటలు తక్కువ. ఒకరు ఆయన అనుకరించిన నటుడు నాగయ్య గారి గొంతు ఎత్తుకునేవారు, అవతలివారు అమెరికా అధ్యక్షుడు కెనడీ ఉపన్యాసంతో అందుకునేవారు. నవ్వుతూ మొదలుపెట్టి సగంలో ఆగిపోయేవాళ్ళం. 85 ఏళ్ళు నిండుగా బతికారు కదా అని కొందరు ఊరడించారు. ఇంట్లో పెద్దదిక్కు పోయినప్పుడు వయసు లెక్కపెట్టుకుని ఎవరైనా ఊరడిల్లారా? మా తరంలో మిమిక్రీ చేసిన ప్రతివాడూ ఆయనను విని నోరు తెరిచినవాడే. ఒక్క మనిషి, ఒక్క మైకు, వెనక వాద్యాలు లేవు, తెరలు లేవు, వేషం లేదు. అలా నిలబడి సభ మొత్తాన్ని నవ్వించవచ్చని తెలుగువాళ్ళకు చూపించింది ఆయన.

అందుకే మా చేతనైనంతలో ఒక సభ పెట్టుకుందామనుకున్నాం. హాలు కోసం ఒక కార్యాలయానికి వెళ్ళాం. పేరు రాయను. అక్కడి దరఖాస్తులో నాటకం ఉంది, సంగీతం ఉంది, నృత్యం ఉంది. మిమిక్రీ లేదు. 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టమన్నారు. పెట్టాం. ఇతరములైతే వినోద కార్యక్రమం కిందికి వస్తుంది, అద్దె ఎక్కువ అన్నారు. ఇది సంతాప సభ అంటే, నవ్వించే కార్యక్రమానికి సంతాపమని ఎలా రాస్తారని ఎదురు ప్రశ్న. 1971లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో ప్రదర్శన ఇచ్చిన కళ అది. శాసనమండలిలో కూర్చున్న కళాకారుడు ఆయన. 2001లో దేశం పద్మశ్రీ ఇచ్చింది. తెలుగు విశ్వవిద్యాలయం మిమిక్రీని ఒక కోర్సుగా పెట్టి పాఠం చెప్పింది. ఇన్ని జరిగినా ఒక దరఖాస్తులో ఆ కళకు ఒక గడి లేదు. అద్దె చెల్లించాం, రసీదు తీసుకున్నాం. డబ్బు పోయిందని బాధ లేదు, ఆ 'ఇతరములు' మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది.

ఇక నేను చెప్పాలనుకున్న మనిషి దగ్గరికి వస్తాను.

అధిక జ్యేష్ఠం 13న ముగిసింది. అంతవరకు ఆగిన పెళ్ళిళ్ళన్నీ నిజ జ్యేష్ఠంలో ఒక్కసారిగా మీద పడ్డాయి. మేము మాట్లాడుకున్న మైకు సెట్టు కూడా ఆదివారం ఉదయం ఏదో పెళ్ళికి వెళ్ళిపోయింది. బయానా తీసుకున్నవారు ఫోను ఎత్తలేదు. తెలిసినవారందరినీ అడిగాం, ఎక్కడా ఖాళీ లేదు. హాలు వెనక వీధిలో ఒక కల్యాణమండపం ఉంది. తెల్లవారుజాము ముహూర్తం అయిపోయి, ఒకాయన ఒంటరిగా వైర్లు చుట్టుకుంటున్నారు. యాభై దాటి ఉంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి పడుకోలేదని చూస్తేనే తెలుస్తోంది. సంగతి చెప్పాను. "ఎవరి సభ అండీ?" అన్నారు. పేరు చెప్పగానే చుట్టడం ఆపేశారు. "వేణుమాధవ్ గారికి మైకు లేని సభా! మీరు వెళ్ళి కుర్చీలు వేయించుకోండి, నేను వస్తాను" అన్నారు. ఎంత ఇస్తారని అడగలేదు.

వాన మొదలైంది. బాక్సుల మీద పట్టా కప్పి, తాను మాత్రం తడిసి, ట్రాలీ ఆటోలో వచ్చారు. వచ్చీ రాగానే హాలు మధ్యలో నిలబడి రెండు చప్పట్లు కొట్టి విన్నారు. బాక్సులను గోడ దగ్గర నుంచి కాస్త ముందుకు జరిపారు. తరువాత పిల్లల దగ్గరికి వెళ్ళారు. మా దగ్గర నేర్చుకుంటున్న పిల్లలు ఐదారుగురు వేణుమాధవ్ గారికి నివాళిగా శబ్దాలు చేయాలి. మొదటిసారి వేదిక ఎక్కుతున్నవారే ఎక్కువ. మైకు ముందు 'ప', 'బ', 'ఫ' పలికినప్పుడల్లా గాలి తగిలి ఢబ్బుమని మోగుతోంది. వాళ్ళ ముఖాలు పాలిపోయాయి. ఆయన జేబులోంచి ఉతికి మడత పెట్టిన చేతిరుమాలు తీసి, మైకు తలకు చుట్టి, రబ్బరు బ్యాండు వేశారు. గుర్రపు డెక్కలకు మైకు దగ్గరికి రమ్మన్నారు, రైలు కూతకు ముఖం ఒక పక్కకు తిప్పమన్నారు. దూరం పెంచితే దూరపు శబ్దం దానంతట అదే వస్తుందని చేసి చూపించారు. ఇవన్నీ నేను నెలల తరబడి చెప్పినవే. ఆయన చెబితే పది నిమిషాల్లో పట్టుకున్నారు, ఎందుకంటే ఆయన చెబుతున్నది వింటున్నవారి వైపు నుంచి.

సభ నడిచినంతసేపూ ఆయన కూర్చోలేదు. మెట్ల పక్కన నిలబడి, ఒక చెయ్యి మిక్సర్ మీద, రెండో చెయ్యి పిల్లలకు సైగలకు. ఒక బాబు గొంతు భయంతో సన్నబడితే మీట కొంచెం పైకి జరిపారు. హాల్లో ఎవరికీ తెలియలేదు, నాకు తెలిసింది. ఆ బాబు ధైర్యం తెచ్చుకుని చివరి పక్షి కూత పూర్తిచేశాడు. చప్పట్లు మోగాయి.

అయిపోయాక డబ్బు ఇవ్వబోయాను. "పెళ్ళివారు ఇచ్చారు కదండీ, దీనికి వద్దు" అన్నారు. ఆటో కిరాయి అయినా తీసుకోమంటే ఒప్పుకోలేదు. నేను కూడా రెండు పూలు వేయవచ్చా అని అడిగారు. చెప్పులు విడిచి వేదిక ఎక్కి, పటం దగ్గర పూలు పెట్టి, నమస్కరించి దిగారు. వేణుమాధవ్ గారు రేడియోలో వస్తే వీధిలో నిలబడి వినేవాళ్ళమని మాత్రం చెప్పారు. మరణ వార్త విన్న రోజున కూడా నేను నలుగురి ముందు ఏడవలేదు. నిన్న ఆ మనిషి ముందు నిలబడలేకపోయాను. ఆయనే నా భుజం పట్టుకుని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించారు.

అన్నా, పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. ఒక కళకు ఏ గౌరవం కావాలో మీకు తెలిసినంత ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియలేదు. మీ రుమాలు మా దగ్గరే ఉండిపోయింది. పిల్లలు ఇవ్వం అంటున్నారు, అయినా నేను వచ్చి ఇస్తాను.

మా ఆవిడ, తమ్ముడు, బావగారు ఎప్పటిలాగే అన్నీ చూసుకున్నారు. వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు.

అన్నట్టు, ఫ్లెక్సీలో పుట్టిన తేదీ తప్పు పడితే అర్ధరాత్రి దుకాణం తెరిచి 1932 డిసెంబరు 28 అని సరిచేసి ఇచ్చిన అబ్బాయికి కృతజ్ఞతలు. వానలో టీ మోసుకొచ్చిన పిన్నిగారికి కూడా. హాలు సమయం దాటినా లైట్లు ఆపని వాచ్‌మన్ గారికి. వరంగల్ నుంచి రాత్రి బస్సులో వచ్చి, మాట్లాడే అవకాశం రాకపోయినా ఏమీ అనుకోకుండా తిరిగి వెళ్ళిన ఇద్దరు మిత్రులకు. ఇంకా, పటానికి దండ తెచ్చిందెవరో ఇప్పటికీ తెలియలేదు. మీరెవరైనా ఇది చదువుతుంటే ఒక్కసారి చెప్పండి, మీ పేరు ఇక్కడ చేరుస్తాను.