నీడ గడియారం పక్కన సవరణ పట్టిక పెట్టించండి

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీ పార్కులో సూర్య గడియారం ఉంది. పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లు దాని ముందు ఆగి, ఫోన్‌లో టైము చూసుకుని, ‘ఇది పనిచెయ్యడం లేదు’ అనేసి వెళ్లిపోతున్నారు. వెంట వచ్చిన పిల్లలకూ అదే చెబుతున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఆ గడియారం సరిగ్గానే నడుస్తోంది. అది చూపించేది మన ఊరి సూర్యుడి టైము, ఫోన్ చూపించేది దేశమంతటికీ కలిపి పెట్టుకున్న టైము. ఏ రోజు ఎంత తేడా ఉంటుందో పక్కన రాసి పెట్టలేదు, అంతే.

ఆ తేడాలో ఒక భాగం ఎప్పటికీ మారదు. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం ఇటువైపు తుని దగ్గర్లోంచి వెళ్తుంది. విశాఖ దానికి తూర్పున, దాదాపు 83.3 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మనం 3 నిమిషాల 12 సెకన్లు ముందుంటాం.

రెండో భాగం రోజూ కొద్దికొద్దిగా మారుతుంది. భూమి తిరిగే దారి కాస్త కోలగా ఉంటుంది, జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు దాని వేగం పెరుగుతుంది. దీనికి తోడు ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంది. అందుకే నీడ గడియారం నవంబరు 3 ప్రాంతంలో 16 నిమిషాలకు పైగా ముందుకు పోతుంది, ఫిబ్రవరి 11 ప్రాంతంలో 14 నిమిషాలు వెనకబడుతుంది. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 దగ్గర ఈ రెండో తేడా ఉండదు.

రెండూ కలిపితే, విశాఖలో నీడ 12 గీత మీదికి వచ్చేసరికి నవంబరు మొదట్లో వాచీలో 11:40 అవుతుంది, ఫిబ్రవరి రెండో వారంలో 12:11 అవుతుంది. అరగంట మార్పు! మిట్టమధ్యాహ్నం రోజూ సరిగ్గా పన్నెండుకే అనుకుని అభిజిత్ ముహూర్తం లెక్కేసుకునేవాళ్లు ఇది గమనించాలి. హైదరాబాదు లెక్కతో వేసిన క్యాలెండర్ చూసేవాళ్లయితే మరీను. అక్కడి కన్నా మనకు 19 నిమిషాల ముందే మధ్యాహ్నం అవుతుంది.

ఈ ఊరికి టైము లెక్క కొత్తేమీ కాదు. 19వ శతాబ్దంలో గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండాతో ఊరికి టైము తెలిపే ఏర్పాటు చేశారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. అలాంటి ఊళ్లో పిల్లలు నీడ గడియారాన్ని పాడైపోయిన బొమ్మ అనుకుంటూ పెరగకూడదు.

నగరపాలక సంస్థను కోరేది పెద్ద ఖర్చు కాదు. మా పార్కులో గడియారం దిమ్మె మీద గ్రానైట్ ఫలకం ఉంది, దాని కింద జానెడు చోటు ఖాళీగా ఉంది. నెలకు మూడు తేదీల చొప్పున, నీడ టైముకు ఎన్ని నిమిషాలు కలపాలో, ఎన్ని తీసెయ్యాలో తెలుగులో చెక్కించడానికి అది చాలు. మన 3 నిమిషాలు అందులోనే కలిపేస్తే చూసేవాళ్లకు ఒకే కూడికో తీసివేతో మిగులుతుంది. కొత్తగా ఎక్కడైనా పెట్టేటప్పుడు మాత్రం నీడ వేసే పలక అంచు మన అక్షాంశానికి తగ్గట్టు 17.7 డిగ్రీల వాలుతో ధ్రువ నక్షత్రం వైపు ఉండేలా చూడాలి. వేరే దేశం కోసం చేసిన రెడీమేడ్ సామాను తెచ్చి బిగిస్తే ఏ పట్టికా దాన్ని సరిచెయ్యలేదు. ఆర్డరు ఇచ్చే ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రం వాళ్లకు ఒకసారి చూపిస్తే సరిపోతుంది.

– విశ్రాంత సైన్సు ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం