హోస్ట్ ఇంట్లో కుదురుకోవడానికి సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

ఈ ఏడాది ఎక్స్ఛేంజ్ స్టూడెంట్లుగా, అంటే విదేశంలో ఒక కుటుంబం (హోస్ట్) ఇంట్లో ఉంటూ చదువుకోవడానికి వెళ్లిన పిల్లల తరఫున, వాళ్ల తల్లిదండ్రుల తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. హోస్ట్ కుటుంబాలకు వాళ్ల వాళ్ల భాషల్లో విడిగా ఉత్తరాలు పంపాం. ఇది మనవాళ్లకు: వెళ్లొచ్చిన సీనియర్లకు, కోఆర్డినేటర్లకు, ఓరియెంటేషన్ వాలంటీర్లకు. ఏ సాయం ఎందుకు అక్కరకొచ్చిందో వివరంగా రాస్తే రేపు వెళ్లబోయేవాళ్లకూ పనికొస్తుందని కాస్త పొడుగ్గానే రాస్తున్నాం.

ముందుగా సీనియర్లకు. హోస్ట్ ఇంటివాళ్లను ఏమేం అడగాలో రాసి మీరిచ్చిన ప్రశ్నల కాగితం అన్నిటికన్నా ఎక్కువ ఆదుకుంది. రోటరీ క్లబ్బులు నడిపే విద్యార్థుల మార్పిడి కార్యక్రమం రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్‌లో ‘మొదటి రాత్రి ప్రశ్నలు’ అంటూ ఇలాంటి జాబితా వాడుకలో ఉంది. పేరులో మొదటి రాత్రి అని ఉన్నా అన్నీ ఆ రాత్రే అడగొద్దని మీరు చెప్పడం మంచిదైంది. ప్రయాణ బడలికలో విన్నది తలకెక్కదు. ఆ రాత్రికి నాలుగు చాలు: మిమ్మల్ని ఏమని పిలవాలి, బాత్‌రూమ్ ఎక్కడ, పొద్దున ఎన్నింటికి లేవాలి, వైఫై పాస్‌వర్డ్ ఏమిటి. మిగతావి రెండు మూడు రోజుల్లో అందరూ తీరిగ్గా కూర్చున్నప్పుడు, కాగితం చేతిలో పెట్టుకునే అడగాలి, జవాబులు అక్కడే రాసుకోవాలి. కాగితం చూసి అడిగితే అది తమ ఇంటిమీద ఆరా తీస్తున్నట్టు వాళ్లకు అనిపించదు, మన పిల్లలకూ మొహమాటం తగ్గుతుంది.

బాత్‌రూమ్ గురించి అంత చెప్పాలా అని మొదట నవ్వుకున్నవాళ్లున్నారు. చెప్పాలి. చాలాచోట్ల టబ్బు బయట నేలమీద నీళ్లు పోవడానికి తూము ఉండదు. కర్టెన్ అంచు టబ్బు లోపలికి వేసుకోకపోతే నీళ్లు నేల కిందికి దిగుతాయి. చెక్క ఉబ్బుతుంది, కింది గది సీలింగ్‌కు మరకలు పడతాయి. వేడినీళ్లు ట్యాంకులోంచి వచ్చే ఇళ్లలో ఒకరు షవర్ కింద చాలాసేపు నిలబడితే తర్వాతివాళ్లకు చన్నీళ్లే మిగులుతాయి. అందుకే ‘ఎన్ని నిమిషాలు’ అని కూడా అడగమన్నారు. తడి తువ్వాలు ఎక్కడ ఆరేయాలి, టాయిలెట్ పేపర్ కమోడ్‌లో వేయాలా బుట్టలోనా అన్నవీ అంతే. ఇవి ఇంటివాళ్లు తమంతట తాము చెప్పరు, వాళ్లకు అవి అసలు విషయాలే కావు కాబట్టి.

బట్టల సంగతి. మెషీన్ ఎవరు వేస్తారు, ఏ రోజు, లోదుస్తులు అందరివాటితో కలపొచ్చా? డ్రయ్యర్ ఉంటే వాడిన ప్రతిసారీ జాలీలో పేరుకున్న పీచు తీసేయాలి. అది నిండితే బట్టలు ఆరవు సరికదా, నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఉన్ని బట్టలు అందులో వేస్తే ముడుచుకుపోతాయి. చలికాలంలో కిటికీలు మూసి తడిబట్టలు గదిలోనే ఆరేస్తే గోడలకు బూజు పడుతుంది. ఇక గిన్నెలు కడిగే మెషీన్‌లో చేత్తో తోముకునే లిక్విడ్ పోయడం... నురగ వంటగది నేలంతా పొంగుతుంది.

తిండి దగ్గర ‘ఏదైనా పర్లేదు’ అనడం మర్యాద కాదు, ఇబ్బంది. తిననివి, పడనివి పేరుపేరునా రాసి వెళ్లకముందే పంపించిన పిల్లలకు ఈ గొడవ రాలేదు. ఫ్రిజ్‌లో అడక్కుండా తీసుకోదగ్గవేవో కూడా ముందే తెలుసుకోవాలి. కరెంటు గురించి ఒక్కమాట: అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే భయం లేదు. 110 వోల్టులకు మాత్రమే చేసిన హెయిర్ డ్రయ్యర్‌ను 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

కోఆర్డినేటర్లకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రోటరీలో ప్రతి విద్యార్థికీ ఒక కౌన్సెలర్ ఉంటారు, ఆ మనిషి హోస్ట్ కుటుంబానికి చెందకూడదు. ఎంత తెలివైన నియమమో! ఇంటి మీది అసంతృప్తిని ఇంటివాళ్లకే చెప్పుకోవాల్సి వస్తే ఎవరు నోరు విప్పుతారు? తొలివారాల్లో వచ్చే చిక్కు దాదాపు ఒకటే. రోజంతా పరాయి భాష విని సాయంత్రానికి బుర్ర అలసిపోతుంది, పిల్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది, ఇంటివాళ్లు కోపమొచ్చిందనుకుంటారు. ‘అలసిపోయాను, అరగంట పడుకుని వస్తాను’ అని చెప్పి వెళ్లడం, చెప్పినట్టు అరగంటకు రావడం మీరు నేర్పారు. రోజూ చేసే ఇంటిపని ఒకటి అడిగి మరీ సొంతం చేసుకోమన్నారు. అదీ కలిసొచ్చింది. ఊరికే కూర్చున్న చుట్టానికి ఎవరైనా ఎన్నాళ్లని మర్యాద చేస్తారు?

పొసగనప్పుడు వరస ఇదీ అని మీరు ముందే చెప్పి ఉంచారు. మొదట ఇంట్లోనే, ఒక్క విషయం మాత్రం, ‘మీరెప్పుడూ ఇంతే’ అనకుండా చెప్పుకోవాలి. కుదరకపోతే కోఆర్డినేటర్ ఇరువైపులవారితో విడివిడిగా మాట్లాడతారు. అప్పటికీ కాకపోతే ఇల్లు మారుస్తారు. ఇల్లు మారడం ఎవరి ఓటమీ కాదు. ఎవరైనా అసభ్యంగా ముట్టుకున్నా, బెదిరించినా మాత్రం ఈ మెట్లు ఏవీ అక్కర్లేదు, వెంటనే ఫోన్ చేయాలి. ఆ నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టించారు. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌లో నంబరున్నా లేనట్టే కదా.

తల్లిదండ్రుల్లో వారానికి ఒక్క కాల్‌తో సరిపెట్టుకున్నవాళ్లకూ దండం. రోజూ గంటసేపు వీడియో కాల్ చేస్తే పిల్ల మనసు ఇక్కడే ఉండిపోతుంది, అక్కడి భాష నోటికి రాదు. పిల్ల చెప్పిన ప్రతి ఫిర్యాదునూ హోస్ట్ అమ్మకు నేరుగా మెసేజ్ చేస్తే ఇంకా చెడుతుంది. అప్పటికి అక్కడ సర్దుకున్నది కూడా మళ్లీ లేస్తుంది. కోఆర్డినేటర్ ద్వారా వెళ్లడమే మేలు.

చివరగా ఓరియెంటేషన్ వాలంటీర్లకు. 18 నిండని పిల్లలకు అత్యవసరం కాని వైద్యం చేయాలంటే చాలాచోట్ల తల్లిదండ్రుల అనుమతి అడుగుతారు. అది దగ్గర లేక, సమయాల తేడావల్ల అర్ధరాత్రి ఫోన్ ఎత్తేవాళ్లు లేక చికిత్స ఆలస్యమవుతుంది. సంతకం చేసిన అనుమతి పత్రం హోస్ట్ ఇంట్లో, దాని నకలు కోఆర్డినేటర్ దగ్గర, బీమా కార్డు ఫొటో పిల్లల ఫోన్‌లో, మందుల చీటీలో కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు. ఇవన్నీ ఒక్కో కవరుగా సర్ది, ప్రతి ఇంటికీ ఫోన్ చేసి ‘సంతకం పెట్టారా’ అని విసుగు లేకుండా అడిగిన మీకు మా నమస్కారాలు.