ఫెరెట్‌కు పెరుగన్నం పెట్టమని రాస్తారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఫెరెట్ల (పొడుగాటి ఒళ్లు, పొట్టి కాళ్లుండే చిన్న పెంపుడు జంతువుల) పెంపకం మీద వేసిన కథనం చదివాను. ఆ రోజే రాయాల్సింది, ఇంట్లో పెళ్లి పనులతో కుదరలేదు. ఈలోగా మీరే సవరణ వేస్తారని చూశాను. వేయలేదు.

పాలు, పెరుగన్నం, బిస్కెట్లు పెడితే చాలన్నారు. ఎవరు చెప్పారండీ మీకు? అది మాంసం తప్ప వేరేది అరగని జంతువు. దాని పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. అన్నం, పండ్లు పెడితే ఒంటికి పట్టవు. పాలు తాగితే విరేచనాలు. తిండిలో ప్రొటీన్ 35 శాతం దాకా, కొవ్వు 20 శాతం దాకా ఉండాలి, అదీ పగలూ రాత్రీ కొద్దికొద్దిగా తింటూనే ఉండాలి. మా అబ్బాయి తెచ్చి నా నెత్తిన పెట్టినవి ఇంట్లో రెండున్నాయి. వాటికోసం చికెన్, కందనకాయ, గుండెకాయ, కాస్త కార్జం కొంటుంటే (కార్జం ఒక్కటే పెట్టకూడదు) కొట్టతను "ఏంమ్మా, రోజూ చుట్టాలేనా" అంటాడు. చుట్టాలైతే రెండ్రోజులుండి పోతారు.

ఇక బోను బాల్కనీలో గాలి తగిలేలా పెట్టాలట. మే నెలలో, కడపలో! 30 డిగ్రీలు దాటితేనే వాటికి వడదెబ్బ భయం, మనకేమో 40 దాటితే గానీ ఎండాకాలం వచ్చినట్టు లెక్కే కాదు. మధ్యాహ్నమైతే మా ఇంట్లోవి నట్టింట్లో బండల మీద పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ చాపుకుని పడుకుంటాయి. నోరు తెరిచి రొప్పడం మొదలైందంటే నాకు టెన్షనే. తడిగుడ్డ, గుడ్డలో చుట్టిన ఐసు బాటిలు పట్టుకుని ఉరకాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే పైనుంచే లేదంటారు. దాని మీద ఇంకో లేఖ రాయాలి.

రాయాల్సినవి మాత్రం వదిలేశారు. కుక్కలకొచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే ఫెరెట్ దాదాపుగా బతకదు. ఆడదానికి ఎద మొదలయ్యాక జత కలవకపోతే ఎద తగ్గక, రక్తం క్షీణించి చచ్చిపోవచ్చు, కాబట్టి ముందే ఆపరేషన్ చేయించాలి. హవాయి చెప్పుల రబ్బరు కొరికి మింగితే పేగులో అడ్డం పడుతుంది. మా ఇంట్లో బీరువా కింద ఊడిస్తే చెప్పుల ముక్కలే వస్తాయి. మన జిల్లాలోనే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది కదా, మీ విలేకరి అక్కడికి ఒక్క ఫోన్ కొట్టి ఉంటే సరిపోయేది. ఒకప్పుడు మీ పేపర్లో ఎద్దుల గాలికుంటు జబ్బు గురించి రాసినా కింద డాక్టరు పేరుండేది.

అన్నిటికంటే గొప్పది ఆ ఫొటో. అది ముంగిస! మీ పేపరు చూసి ఎవరైనా పొలంలో ముంగిసను పట్టి బోనులో పెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. కోర్టుకు మీరొస్తారా?

అధికారుల సంగతి చెప్పనక్కర్లేదు. పెట్ షాపులకు 2018లో కేంద్రం రూల్స్ పెట్టింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, కొన్నవీ అమ్మినవీ రాసిపెట్టాలి. మేము కొన్న షాపులో ఆ కాగితం అడిగితే జీఎస్టీ బిల్లు చూపించాడు. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడ సారు మీటింగులో ఉన్నారు. ఎప్పుడెళ్లినా మీటింగే. ఏసీ పెట్టే స్తోమత, రోజూ మాంసం తెచ్చే ఓపిక ఉన్నాయా అని అడక్కుండానే షాపుల వాళ్లు పిల్లల చేతుల్లో పెడుతున్నారు. పక్క వీధిలో ఒకాయన మీ కథనం చదివి తనకూ ఒకటి కావాలంటున్నాడు, వాళ్లింట్లో గుడ్డు కూడా ఉడకదు.

సవరణ వేస్తే అదే పేజీలో, అంతే సైజులో వేయండి. టెండరు నోటీసుల పక్కన కాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిన్నచౌకు, కడప